లో బీపీ ఉంటే కంచంలో ఏం మారాలి?

బీపీ 90/60 కన్నా తక్కువుంటే లో బీపీ అంటారు. ఇబ్బందులేవీ లేకపోతే చాలామందికి మందులే అక్కర్లేదు. నాకు మాత్రం మంచం మీంచి గభాలున లేస్తే కళ్లు బైర్లు కమ్మేవి.

ముందు నీళ్ల సంగతి చూసుకున్నాను. ఒంట్లో నీరు తగ్గితే రక్తం పరిమాణం తగ్గి బీపీ పడిపోతుంది. మా ఖమ్మం ఎండల్లో బడికి బయల్దేరేటప్పుడు సీసాలో పల్చటి మజ్జిగ పోసుకుంటాను. అందులో చిటికెడు ఉప్పు, దంచిన అల్లం, నలిపిన కరివేపాకు వేస్తాను.

కంచం నిండా అన్నం తింటే అరుగుదల కోసం రక్తం పేగులవైపు ఎక్కువగా మళ్లుతుంది. అప్పుడు కొందరికి, ముఖ్యంగా పెద్దవాళ్లకి, తల తిరుగుతుంది. అందుకే అన్నం తగ్గించి పప్పు, కూర పెంచాను. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తింటున్నాను.

బి12, ఫోలేట్ లోపిస్తే రక్తహీనత వచ్చి బీపీ తగ్గవచ్చు. పాలు, పెరుగు, గుడ్లు, చేపల్లో బి12 ఉంటుంది. పాలకూర, తోటకూర, శనగల్లో ఫోలేట్ ఉంటుంది.

లో బీపీ అనగానే ఉప్పు డబ్బా అందుకోకండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకి అది ప్రమాదం. డాక్టరు చెబితేనే ఉప్పు పెంచండి. స్పృహ తప్పితే మాత్రం ఇంటి చిట్కాలు మాని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.