బాంబు సరుకుతో బోన్ స్కాన్

క్యాన్సర్ ఎముకలకు పాకిందా, గుండె కండరానికి రక్తం సరిగా అందుతోందా అని చూసే న్యూక్లియర్ స్కాన్లు చాలావరకు టెక్నీషియం-99ఎం మీదే ఆధారపడి ఉన్నాయి. ఆరు గంటల్లో సగమైపోయే ఈ పదార్థం మాలిబ్డినం-99 నుంచి పుడుతుంది. ఆ మాలిబ్డినమూ రోజుకు ఐదో వంతుకు పైగా తరిగిపోతుంది. నిల్వ చేద్దామంటే కుదరదు. వారం వారం ఏదో ఒక రియాక్టరు తయారుచేసి విమానమెక్కించాల్సిందే.

అలాంటి రియాక్టర్లలో దక్షిణాఫ్రికా సఫారి-1ది విచిత్రమైన జాతకం. ప్రిటోరియా దగ్గర పెలిందాబాలో 1965లో అమెరికా సాయంతో మొదలైంది. ఇంధనమూ అమెరికాదే, బాంబుకు పనికొచ్చే రకం. 1970ల్లో ఆ సరఫరా ఆగిపోయింది. దాంతో వర్ణవివక్ష ప్రభుత్వం పక్కనే ఉన్న వలిందాబాలో సొంతంగా యురేనియం శుద్ధి చేసుకుంది, రియాక్టరుకే కాదు, ఆరు అణుబాంబులకు కూడా! 1993లో అధ్యక్షుడు డి క్లర్క్ పార్లమెంటులో ఈ సంగతి బయటపెట్టేనాటికి ఆ బాంబులను విప్పేశారు. మిగిలిన యురేనియంలో కొంత మాలిబ్డినం తయారీ పలకల్లోకి చేరింది.

సద్వినియోగమే, కాదనలేం. కానీ 2007 నవంబరులో ఓ రాత్రి సాయుధులు కరెంటు కంచె దాటి పెలిందాబాలో చొరబడి, ఒక ఉద్యోగిని కాల్చారు. బాంబు సరుకును అక్కడ ఉంచుకోవడంలో భయమేమిటో అప్పుడు అందరికీ తెలిసొచ్చింది.

మరి తక్కువ శుద్ధి యురేనియానికి మారితే సరిపోదా? అదంత తేలిక కాదు. యురేనియం-235 పరమాణువులు వంద చీలితే ఆరు మాలిబ్డినం-99 పరమాణువులు పుడతాయి. సఫారి-1 పలకల్లో అప్పట్లో 235 పాళ్లు సుమారు 45 శాతం. బాంబుకు పనికిరాకుండా వాటిని 20 లోపుకు దించితే, దిగుబడి తగ్గకుండా అదే పలకలో రెండింతలకు పైగా యురేనియం కూరాలి. పలకను క్షారంలో కరిగించాక మిగిలే మడ్డి పెరుగుతుంది. పలకలో పెరిగిన యురేనియం-238 న్యూట్రాన్లను మింగి ప్లుటోనియం అవుతుంది. దాని జాడ మందులో ఉండకూడదు. ఆపై మందుల నియంత్రణ సంస్థల అనుమతులు మళ్లీ మొదటి నుంచీ తెచ్చుకోవాలి.

అర్జెంటీనా 2002లోనే ఈ మార్పును చిన్న స్థాయిలో చేసి చూపింది. సఫారి-1 ఇంధనం 2009కి పూర్తిగా తక్కువ శుద్ధి యురేనియానికి మారింది. 2010 డిసెంబరులో అక్కడి తక్కువ శుద్ధి పలకల మాలిబ్డినం అమెరికా చేరింది. పెద్ద ఎత్తున ఈ పని చేసినవాళ్లలో దక్షిణాఫ్రికా వాళ్లే ముందు. నెదర్లాండ్స్, బెల్జియం ఉత్పత్తిదారులకు మరో ఏడెనిమిదేళ్లు, ఆ పైన పట్టింది. నన్నడిగితే, అడ్డొచ్చింది రసాయనశాస్త్రం కన్నా ఖర్చే.

బాంబుల నాటి యురేనియంలో మిగిలినదాన్ని తమకిచ్చేయమని అమెరికా అడిగింది. దక్షిణాఫ్రికా ఒప్పుకోలేదు.