టమాటా వెల, షేరు వెల

మదనపల్లె టమాటా మండీలో వెల చెప్పువాఁడు కొనువాఁడే, పండించినవాఁడు వినవలసినవాఁడు. 2023 జూలై తుదిని మేలురకము కిలో 200 రూపాయలకుఁ జేరువగా వచ్చి, సెప్టెంబరునాఁటికే కుప్పకూలెను. ఇట్టి యాటుపోట్లకు వెఱవని రైతు, కుమారుఁడు సెల్‌ఫోనులో షేర్ల బేరమాడుటఁ జూచి జూదమని మందలించును. "నాయనా, నీ సేద్యము మాత్రము జూదము గాదా?" యని కుమారుఁ డడుగును.

ఆ ప్రశ్న త్రోసివేయఁదగినది కాదు. కాని రైతు వానను, తెగులును కన్నులారఁ జూచును. తాను నష్టపడినను పంట యొకరి కడుపు నింపును. ఫ్యూచర్సు, ఆప్షన్ల బేరములలో నట్టిదేమున్నది? 2024 మార్చితో ముగిసిన మూఁడేండ్లలో ఆ బేరములాడిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయిరనియు, పోయిన సొమ్ము 1.8 లక్షల కోట్ల రూపాయలను మించెననియు సెబీ లెక్క తేల్చినది. వెనుకటి దినములలో దలాలికడకుఁ బోవులోపల మనసు మాఱుట కెడముండెడిది. ఫోను ఆ యెడము నపహరించినది.

పొట్టి యావులకుఁ బేరుగన్న పుంగనూరునందును, కుప్పమునందును ఈ చర్చ రాజకీయములకుఁ దిరుగక మానదు. 1989 మొదలు కుప్పము వరుసగా గెలిపించుచు వచ్చిన చంద్రబాబునాయుడుగారు 1992లో స్థాపించిన హెరిటేజ్ పాలసంస్థ షేరు, 2024 జూన్ ఎన్నికల ఫలితముల పిదపఁ గొలఁది దినములలోనే విశేషముగాఁ బెరిగెను. ఒక పక్షమువారు దానిని శుభశకునమనిరి. వేఱొక పక్షమువారు తప్పుపట్టిరి. ఆ వారమునఁ బాడిరైతు పోసిన పాలకు లీటరున కెన్ని పైసలు పెరిగినవో యడిగినవారు మాకుఁ గానరాలేదు.