టార్ట్: బాధితుడి చేతిలోని హక్కు

ఆంగ్లంలో అన్యాయాన్ని తెలిపే మాటలు అనేకం ఉన్నా, వాటిలో న్యాయశాస్త్రం తన సొంతం చేసుకున్న మాట ‘టార్ట్’. మెలితిరిగినది, వంకరపోయినది అనే అర్థమున్న లాటిన్ మూలం నుంచి పుట్టిన ఈ పదం ఫ్రెంచిలో తప్పు, అన్యాయం అనే అర్థాన్ని సంతరించుకుని, నార్మన్ల పాలనలో ఇంగ్లండు న్యాయస్థానాలలో పాతుకుపోయిన ఫ్రెంచి ద్వారా ఆంగ్లంలో చేరింది. పదహారో శతాబ్దంలో ఆంగ్ల కవి ఎడ్మండ్ స్పెన్సర్ దీనిని అన్యాయమనే సామాన్యార్థంలోనే వాడినా, కాలక్రమంలో ఆ వాడుక అంతరించి, న్యాయ పరిభాషగా మాత్రమే ఇది నిలిచింది.

చట్టం నిర్దేశించిన బాధ్యతను ఒకరు తప్పినందువల్ల మరొకరికి హాని కలిగినప్పుడు, వారిద్దరి మధ్య ఎటువంటి ఒప్పందమూ లేకపోయినా, బాధితుడు సివిల్ కోర్టులో నష్టపరిహారం కోరడానికి వీలున్న తప్పిదాన్ని టార్ట్ అంటారు. నేరం జరిగితే ప్రభుత్వమే కేసు నడిపి దోషికి శిక్ష పడేలా చూస్తుంది. టార్ట్ విషయంలో బాధితుడే వాదిగా నిలిచి, తన నష్టాన్ని పూడ్చమని అడుగుతాడు. ఒకరిని కొట్టడం వంటి పని నేరమూ కావచ్చు, టార్టూ కావచ్చు. పరువునష్టం, అక్రమ నిర్బంధం, పరుల స్థలంలో చొరబడటం, పొరుగువారిని దుర్గంధంతోనో రొదతోనో వేధించడం, అజాగ్రత్త టార్టులలో ముఖ్యమైనవి.

వీటిలో అజాగ్రత్తకు నేటి రూపాన్నిచ్చింది 1932లో బ్రిటన్‌లోని హౌస్ ఆఫ్ లార్డ్స్ వెలువరించిన తీర్పు. 1928 ఆగస్టులో స్కాట్లాండులోని పైస్లీ పట్టణంలో, తోడు వచ్చినవారు కొనిపెట్టిన జింజర్ బీరును మే డొనహ్యూ అనే మహిళ కొంత తాగిన తరువాత, ముదురు రంగు సీసాలో మిగిలినది వంపుతుండగా కుళ్లిన నత్త బయటపడిందనీ, దానివల్ల జబ్బుపడ్డాననీ ఆమె దావా వేసింది. సీసా కొన్నది ఆమె కాదు కనుక తయారీదారుతో ఆమెకు ఒప్పందమేమీ లేదు. అయినా, తన పనివల్ల ఎవరికి హాని కలగవచ్చునో ముందుగా ఊహించగలిగినవాడు వారందరిపట్ల జాగ్రత్త వహించవలసిందేననీ, చట్టం దృష్టిలో వారే అతని పొరుగువారనీ ఆ తీర్పులో న్యాయమూర్తి లార్డ్ అట్కిన్ నిర్ధారించారు.

భారతదేశంలో టార్టులకు సమగ్రమైన శాసనం లేకపోవడంతో, ఆంగ్లేయుల కాలంలో వచ్చిన సూత్రాలనే కోర్టులు తీర్పుల ద్వారా మలచుకుంటూ వచ్చాయి. ఈ క్రమంలో, హాని చేసింది ప్రభుత్వోద్యోగే అయినప్పుడు ఏం చేయాలన్నది క్లిష్టమైన ప్రశ్నగా నిలిచింది. 1947లో మీరట్ పోలీసులు ఒక వ్యాపారి నుంచి స్వాధీనం చేసుకున్న బంగారంతో హెడ్ కానిస్టేబుల్ పాకిస్తాన్‌కు పారిపోగా, పోలీసు అధికారం సార్వభౌమాధికారంలో భాగమనే కారణంతో 1965లో కస్తూరీలాల్ కేసులో సుప్రీంకోర్టు పరిహారాన్ని నిరాకరించింది. ఆంధ్రప్రదేశ్‌లో 1975లో నాగేంద్రరావు అండ్ కంపెనీ నిల్వ చేసిన ఎరువులను, ధాన్యాన్ని అధికారులు స్వాధీనం చేసుకున్నారు. సరుకు తిరిగి ఇవ్వాలని ఉత్తర్వు వచ్చేసరికి, ఎరువులను సకాలంలో అమ్మించే ఏర్పాటు చేయకపోవడంతో అవి పాడైపోయి ఉన్నాయి. కస్తూరీలాల్ తీర్పును అనుసరించి హైకోర్టు ఆ సంస్థ దావాను తోసిపుచ్చినా, 1994లో సుప్రీంకోర్టు దానిని సరిదిద్ది, అధికారుల నిర్లక్ష్యానికి ప్రభుత్వం పరిహారం చెల్లించి తీరాలని తేల్చింది.

నాగేంద్రరావు సంస్థకు దాదాపు ఇరవై ఏళ్లకు దక్కిన న్యాయం, హక్కు ఉన్నా దానిని అందుకోవడం ఎంత కష్టమో కూడా చూపుతుంది. కోరిన మొత్తాన్ని బట్టి పెరిగే కోర్టు ఫీజు, ఏళ్ల తరబడి సాగే విచారణ, ఇటువంటి దావా ఒకటుందని తెలియకపోవడం కారణాలుగా చాలామంది పోలీసు ఫిర్యాదుతోనే ఆగిపోతున్నారు. దోషికి జైలుశిక్ష పడినంత మాత్రాన క్షతగాత్రుడి వైద్యఖర్చులు గాని, పోయిన జీతం గాని తిరిగి రావు. అన్యాయాన్ని ఖండించడంతో సరిపెట్టక, దానివల్ల చితికిపోయిన బతుకును నిలబెట్టే బాధ్యతను అన్యాయం చేసినవారి మీదే మోపడంలో టార్ట్ సూత్రం విలువ ఉంది. ఆ విలువ సామాన్యుడికి దక్కాలంటే ఫీజులు తగ్గాలి, విచారణలు వేగవంతం కావాలి, పరిహారం అడగడం దేబిరింపు కాదు, హక్కు అన్న ఎరుక ప్రజలలో కలగాలి.