పన్నెండు మైక్రాన్ల వింత

బేగంపేట పాత విమానాశ్రయం దగ్గర పాతకాలపు భవనం ఒకటుంది. సికింద్రాబాద్‌లో బ్రిటిష్ దండు ఉన్న రోజుల్లో అది సైనికుల ఆసుపత్రి. ఇప్పుడు అక్కడ సర్ రోనాల్డ్ రాస్ పేరిట పరాన్నజీవుల పరిశోధన సంస్థ ఉంది. 1897 ఆగస్టు 20న సైనిక వైద్యుడు రాస్ ఒక దోమ పొట్టను కోసి, దాని గోడలో కొన్ని గుండ్రటి కణాలు చూశాడు. వాటి అడ్డుకొలత సుమారు 12 మైక్రాన్లు. మిల్లీమీటరును వెయ్యి ముక్కలు చేస్తే ఒక ముక్క మైక్రాన్. ఆ కణాల్లో నల్లటి రేణువులు కనిపించాయి. మలేరియాను దోమ మోస్తుందనడానికి అదే తొలి ఆధారం. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఏటా ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుతున్నారు.

మా ఊరికి ఇంత పేరు తెచ్చిన ఆ నల్ల రేణువుల పుట్టుక మాత్రం దోమలో కాదు, మనిషి ఎర్ర రక్తకణంలో. ఆ కణం ఎంత వింతదో తెలియాలంటే ముందు దాని తోబుట్టువులను చూడాలి.

మన ఒంట్లో కణాలెన్ని? 2016లో అచ్చయిన ఒక లెక్క ప్రకారం 70 కిలోల మగమనిషిలో దాదాపు 30 లక్షల కోట్లు. వాటిలో నూటికి 84 వంతులు ఎర్ర రక్తకణాలే. మెదడు, గుండె, కండ, చర్మం, ఎముక అన్నీ కలిసినా మిగిలిన 16 వంతుల్లోకే వస్తాయి. తూకంలో కండలది పైచేయి కావచ్చు, తలలు లెక్కపెడితే మాత్రం రాజ్యం ఎర్రకణానిదే.

లావులో మొదటి స్థానం అండకణానిది. దాని అడ్డుకొలత మిల్లీమీటరులో పదో వంతు. చూపు బాగున్నవారికి సూక్ష్మదర్శిని లేకుండానే సన్నటి చుక్కలా కనిపించగలదు. దాన్ని వెతుక్కుంటూ వచ్చే శుక్రకణం తల సుమారు 5 మైక్రాన్లే. అయితే అండకణం కొలత కన్నా దాని వయసు నన్ను ఎక్కువ ఆశ్చర్యపరుస్తుంది. ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే ఆమె అండకణాలు తయారవడం మొదలై, పుట్టేలోపే ఆ పని ముగుస్తుంది. అంటే నేను ఏ అండం నుంచి పుట్టానో అది మా అమ్మమ్మ మా అమ్మను మోస్తున్నప్పుడే ఏర్పడింది.

పొడవులో నాడీకణాన్ని మించింది లేదు. నడుము దగ్గర వెన్నుపక్కన ఉండే ఒక నాడీకణం తన తీగను కాలి బొటనవేలి దాకా సాగదీస్తుంది. ఒక్క కణం, మీటరు పొడవు! దాని రెండో కొమ్మ వెన్నుపాములోంచి పైకి, మెదడు అడుగు దాకా వెళుతుంది. ఇంత పొడుగు కణంలో చివరి కొసకు సరుకు ఎలా చేరుతుంది? లోపల సన్నటి గొట్టాల దారులుంటాయి. వాటి మీద కైనెసిన్ అనే ప్రోటీన్ మూట నెత్తిన పెట్టుకున్నట్టు సరుకు మోస్తూ, రెండు కాళ్లతో అడుగులేస్తుంది. ఒక్కో అడుగు 8 నానోమీటర్లు, అంటే మైక్రాన్‌లో వందో వంతు కన్నా తక్కువ. ఈ పద్ధతిలో సరుకు రోజుకు గరిష్ఠంగా 40 సెంటీమీటర్ల దాకా కదులుతుంది. నడుము దగ్గర తయారైన సరుకు బొటనవేలికి చేరడానికి రెండున్నర రోజులు పడుతుందన్నమాట. మీటరు దూరానికి అడుగులు లెక్క కడితే 12 కోట్లు దాటుతాయి.

ఒక్కో అడుగుకు ఒక్కో అణువు ఖర్చు. ఆ అణువు పేరు ఏటీపీ. ఇక్కడ మన భీమవరం వాడిని తలచుకోకుండా ముందుకు పోలేను. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేశాడు. రక్తంలో, కండలో భాస్వరం ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతిని 1925లో ఇద్దరూ ప్రకటించారు. ఆ కొలతను పట్టుకునే కండలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, తర్వాత 1929లో ఏటీపీని బయటపెట్టారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నాడు. కండ కదలాలన్నా, నాడి పలకాలన్నా, కణం రెండుగా చీలాలన్నా చెల్లే నాణెం ఏటీపీయే. ఒక సమయంలో ఒంట్లో ఉండే ఏటీపీ చాలా కొంచెమే. దాన్నే వాడుతూ, మళ్లీ తయారుచేసుకుంటూ ఒంట్లో రోజంతా తిరిగేది కూడితే మనిషి బరువుకు దగ్గరగా వస్తుంది. సుబ్బారావు పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఏటీపీ పక్కనే ఉండాలని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఆ ఏటీపీలో ఎక్కువ భాగం తయారయ్యే చోటు మైటోకాండ్రియా. ఒక్క కాలేయ కణంలోనే అవి వెయ్యి, రెండు వేలు ఉంటాయి. కేంద్రకంలో ఉండే డీఎన్ఏ విప్పితే రెండు మీటర్ల పొడవు. మైటోకాండ్రియాకు దాంతో సంబంధం లేని సొంత డీఎన్ఏ ఉంది, 16,569 అక్షరాల చిన్న ఉంగరం. అది తల్లి నుంచే బిడ్డకు వస్తుంది. సికింద్రాబాద్ నుంచి తార్నాక దాటి హబ్సిగూడ వెళితే రోడ్డు పక్కనే కణ జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ కనిపిస్తుంది. పుష్పమిత్ర భార్గవ పట్టుదలతో 1977లో మొదలైన సంస్థ అది. అక్కడి శాస్త్రవేత్తలు అండమాన్ దీవుల్లోని ఓంగీ, గ్రేట్ అండమానీ జనుల మైటోకాండ్రియా డీఎన్ఏను చదివారు. ఆఫ్రికా దాటి వచ్చిన తొలి మనుషుల సంతతి ఆ దీవుల్లో వేల తరాలుగా విడిగా నిలిచిందని 2005లో ప్రకటించారు. తల్లులు తమ కూతుళ్లకు అందిస్తూ వచ్చిన ఒక ఉంగరం ఇంత పాత చరిత్రను దాచుకుంది.

ఇక ఆయుష్షు. పేగు లోపలి పొర కణాలు మూడు నుంచి అయిదు రోజుల్లో రాలిపోతాయి. కంటి కటకం నడిమధ్యన ఉన్న కణాలు మనం పుట్టకముందే ఏర్పడి చివరిదాకా అక్కడే ఉంటాయి. ఎర్ర రక్తకణానిది 120 రోజుల జీవితం.

ఆ 120 రోజుల కోసం అది వదులుకున్నది చూస్తే మనసు కలుక్కుమంటుంది. ఎముక మూలుగలో పెరిగేటప్పుడు దానికీ కేంద్రకం ఉంటుంది. రక్తంలోకి దిగబోయే ముందు దాన్ని బయటకు నెట్టేస్తుంది. తర్వాత మైటోకాండ్రియా, రైబోజోములూ పోతాయి. తాను మోసే ఆక్సిజన్‌లోంచి ఒక్క చిటికెడు కూడా తన వంటకు వాడుకోలేదు; చక్కెరను ఆక్సిజన్ లేకుండానే విరగ్గొట్టుకుని బతుకుతుంది. ఖాళీ అయిన చోటంతా హీమోగ్లోబిన్, ఒక్కో కణంలో సుమారు 27 కోట్ల అణువులు. ఒక్కోటి నాలుగు ఆక్సిజన్ అణువుల్ని పట్టుకోగలదు. వెడల్పు 7 నుంచి 8 మైక్రాన్లు, నడుమ రెండు వైపులా నొక్కినట్టు పల్చన. 5 మైక్రాన్ల సన్నటి రక్తనాళంలోనూ ఒళ్లు మడుచుకుని దూరిపోతుంది. నిమిషానికి ఒక చుట్టు అనుకుంటే జీవితకాలంలో 1,70,000 చుట్లకు పైగా తిరుగుతుంది. రాలిపోయేవాటి స్థానంలో మూలుగ సెకనుకు దాదాపు 24 లక్షల కొత్త కణాలను పుట్టిస్తుంది. మీరు ఈ వాక్యం చదివేలోపే లక్షల కొద్దీ పుట్టి ఉంటాయి. ఒక మనిషిలోని ఎర్రకణాలన్నిటినీ ఒకదాని పక్కన ఒకటి పేరిస్తే ఆ వరుస భూమి నడుముకు నాలుగు చుట్లు చుట్టి ఇంకా మిగులుతుంది.

ముసలిదైన కణానికి చివరి పరీక్ష ప్లీహంలో. అక్కడి చీలికలు మైక్రాన్ వెడల్పు కూడా ఉండవు. ఒంగగలిగినది దాటుతుంది, బిరుసెక్కినది చిక్కుతుంది. మన్యపు జ్వరం, అంటే మలేరియా, వచ్చినవాళ్లకు కడుపులో బల్ల పెరిగిందని పెద్దలు అనేది ఈ ప్లీహం ఉబ్బినప్పుడే. పరాన్నజీవి దూరిన కణాలు బిరుసెక్కుతాయి, వాటిని ఏరీ ఏరీ ప్లీహం వాస్తుంది.

మళ్లీ మలేరియా దగ్గరికే వచ్చాం. దోమ కుట్టినప్పుడు ఒంట్లోకి దిగిన పరాన్నజీవి ముందు కాలేయ కణంలో దాక్కుని వేల పిల్లల్ని పెడుతుంది. అవి రక్తంలోకి వచ్చి ఎర్రకణాల్లో దూరి హీమోగ్లోబిన్‌ను తినేస్తాయి. అందులోని ఇనుమున్న ముక్క, హీమ్, వాటికి విషం. జీర్ణం చేసుకోలేవు, బయట పారెయ్యలేవు. అందుకని దాన్ని నల్లటి స్ఫటికాలుగా గట్టిపరచి తమ ఒంట్లోనే ఒక మూల దాచుకుంటాయి. మలేరియా రోగి రక్తంలో 1880లో అల్జీరియాలో లావెరాన్ అనే వైద్యుడు గుర్తుపట్టిన పరాన్నజీవుల్లో ఉన్నవీ ఆ నల్ల రేణువులే.

రాస్‌కు వాటి రూపు కంఠతా వచ్చు. సికింద్రాబాద్‌లో అప్పటికే ఎన్నో దోమల్ని కోసి విసిగిపోయాడు. సూక్ష్మదర్శిని మరలు చెమటకు తుప్పుపట్టాయి, మిగిలిన ఒక్క కంటి అద్దం పగిలి ఉంది. పంకా లాగిస్తే కోసిన దోమలు ఎగిరిపోతాయని ఉక్కపోతలోనే కూర్చున్నాడు. మచ్చల రెక్కల దోమలు కొత్తగా దొరికాయి. మలేరియా రోగి హుసేన్ ఖాన్ వాటితో కుట్టించుకున్నాడు, దోమకు ఒక అణా కూలికి. ఆ దోమలు కొన్ని చచ్చాయి, కొన్నింటిని కోస్తే ఏమీ కనబడలేదు. 20వ తేదీన కోసినదాంట్లో, దోమ పొట్ట గోడలో, ఉండకూడని చోట, ఎప్పుడూ చూసే నల్ల రేణువులు! హుసేన్ ఖాన్ ఎర్రకణాల హీమోగ్లోబిన్ పరాన్నజీవి నోట పడి, నల్లబడి, దోమ దాకా ప్రయాణం చేసింది.

ఇంకొక్క దోమ మిగిలి ఉంది. రాస్ దాన్ని మర్నాడు కోశాడు. కణాలు ముందురోజు కన్నా పెద్దవయ్యాయి.