తట్టు టీకా రెండోది వేయించారా?

నా చిన్నప్పుడు శక్కర్‌నగర్ క్వార్టర్లలో ఉండగా మా తమ్ముడికి తట్టు పోసింది. గుమ్మానికి వేపమండలు కట్టారు. ఇంట్లో తాలింపు బంద్. "తల్లి వచ్చింది, తనే పోతది, సూదులు గీదులు వద్దు" అంది మా నాయనమ్మ. మచ్చలు మాడుతుండగా జ్వరం మళ్లీ తిరగబెట్టింది. పక్కటెముకలు ఎగరేస్తూ ఊపిరి తీస్తున్న పిల్లాణ్ణి నాన్న సైకిలు మీద ఆసుపత్రికి తీసుకుపోయాడు. న్యుమోనియా అన్నారు. బతికాడనుకోండి. తట్టుతో పోయే పిల్లల్లో ఎక్కువమందిని తీసుకుపోయేది ఈ న్యుమోనియానే.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, మొన్న నిజామాబాద్ నుంచి బోధన్‌లో మా చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు మనవడి టీకాల కార్డు చూశాను. బాబుకి రెండేళ్లు దాటాయి. పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల గడి ఖాళీగా ఉంది!

"తొమ్మిదో నెలలో తట్టు టీకా వేయించినం కదా అత్తమ్మా, మళ్లా ఎందుకు?" అంది కోడలు.

ఆ పిల్లనని ఏం లాభం? మా పిల్లల కాలంలో ఒక్కటే వేసేవాళ్లు. 1985లో మొదలైన సార్వత్రిక టీకాల కార్యక్రమంలో తట్టుకు ఒకే డోసు. రెండోది 2010లో వచ్చింది. 2017 ఆగస్టులో మన రాష్ట్రంలో బడుల్లో పిల్లలందరికీ వేశారే, అప్పటినుంచి తట్టుతో పాటు రుబెల్లాకు కూడా కలిపి ఎం.ఆర్. టీకా ఇస్తున్నారు.

రెండోది బలానికి వేసే అదనపు సూది అనుకుంటారు చాలామంది. కాదు. తల్లి నుంచి వచ్చిన రక్షణ తొమ్మిదో నెలకి కూడా కొందరు పిల్లల ఒంట్లో కొంచెం మిగిలి ఉంటుంది. అది టీకాని సరిగా పని చేయనివ్వదు. అందుకే తొమ్మిదో నెలలో వేసిన నూరు మందిలో దాదాపు ఎనభై అయిదు మందికే పడుతుంది. మిగతా పదిహేను మంది ఎవరో మొహం చూసి చెప్పలేం కదా! వాళ్లకోసమే అందరికీ రెండోసారి.

మా కోడలు మరిచిపోవడానికి ఇంకో కారణం ఉంది. 2015 డిసెంబరులో షుగర్ ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇక్కడ ఎన్నో ఇళ్లది ఇదే కథ. కొన్నాళ్లు హైదరాబాదు, కొన్నాళ్లు ఇక్కడ. కార్డు మాత్రం అత్తగారి బీరువాలో! చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర నుంచి వచ్చే కుటుంబాల పిల్లలదీ ఇదే బాధ. వాళ్ల భాషలో తట్టుని గోవర్ అంటారు. పేరు మారినా జబ్బు ఒకటే, దానికి సరిహద్దు లేదు. రోగి దగ్గి వెళ్లిన గదిలో రెండు గంటల దాకా గాలిలో ఉంటుంది. మచ్చలు కనిపించడానికి నాలుగు రోజుల ముందునుంచే అంటుకుంటుంది కాబట్టి, మచ్చలు చూశాక పిల్లల్ని దూరం పెడితే ఆలస్యమైనట్టే.

నీటి పొక్కులు వస్తే అది ఆటలమ్మ. జ్వరం, దగ్గు, ముక్కు కారడం, కళ్లు ఎర్రబడటం, ఆపైన చెవుల వెనకనుంచి మొదలై ఒళ్లంతా ఎర్రటి మచ్చలు... ఇది తట్టు. వేపాకు కట్టుకోండి, నేనేం వద్దనను. కానీ తల్లిపాలు, తిండి ఆపొద్దు. కళ్లల్లో ఏ పసర్లూ పోయొద్దు. డాక్టరుకి చూపిస్తే రెండు రోజులు వరసగా విటమిన్ ఎ ఇస్తారు, అది చూపుని కాపాడుతుంది. ఆయాసం, ఫిట్స్, పాలు తాగకపోవడం కనిపిస్తే గంట కూడా ఆగొద్దు.

టీకా వేసిన వారం, పన్నెండు రోజులకి కొందరికి కాస్త జ్వరం, సన్నటి దద్దు రావచ్చు. "సూదితోనే తట్టు వచ్చింది" అని భయపడకండి, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. చిన్న జలుబుంటే టీకా మానక్కర్లేదు. గడువు దాటినా అయిదేళ్లలోపు ఉచితంగానే వేస్తారు.

బుధ, శనివారాలు టీకాల రోజులు. శనివారమే బాబుని ఎత్తుకుని వెళ్లాం. కాసేపు ఏడ్చాడు, బిస్కెట్ చూసి ఊరుకున్నాడు. ఇంటికి రాగానే కార్డు బీరువాలో పెట్టబోయింది మా చెల్లెలు. లాక్కుని కోడలి బట్టల సంచిలో పెట్టాను. సంక్రాంతి కాగానే వాళ్లు మళ్లీ హైదరాబాదు పోతున్నారు.