ముక్కు చెప్పలేని వాసన

భద్రాచలంలో గోదావరి పొంగును అడుగుల్లో చెబుతారు. 43 అడుగులకు మొదటి హెచ్చరిక. అయితే గోదావరి 42 నుంచి 43కు గెంతదు. మధ్యనున్న ప్రతి వెంట్రుకవాసినీ తాకుతూనే పైకి వస్తుంది. తీగలో కరెంటును కూడా అలాగే పెరిగి తరిగేటట్లు చేసి, దానితో వేడినీ, ఒత్తిడినీ, వాసననూ కొలిచేదే అనలాగ్ సర్క్యూట్.

వాసనను కొలవడమేమిటంటారా? ఎగువన అశ్వాపురం దగ్గర, అడవి అంచున, మణుగూరు భారజల కర్మాగారం ఉన్నది; 1991లో మొదలైంది. అణు రియాక్టర్లకు కావలసిన ఆ నీటి తయారీకి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు వాడతారు. కుళ్ళిన కోడిగుడ్డు కంపు. కొంచెమైతే ముక్కే పట్టేస్తుంది. గాలిలో పదిలక్షల పాళ్ళకు వంద పాళ్ళు దాటిందా, ముక్కు మొద్దుబారి వాసనే లేదంటుంది! దొంగ ఇంట్లో దూరినప్పుడే కావలివాడు నిద్రపోయినట్లు. ఇటువంటి చోట ముక్కు పని యంత్రానికి అప్పగించక తప్పదు.

దీన్ని పసిగట్టే ఒకరకం రసాయన ఘటం ఇచ్చే కరెంటు మైక్రో ఆంపియర్లలో, అంటే ఆంపియరులో పదిలక్షో వంతుల లెక్కలో ఉంటుంది. దాన్ని పెద్దది చేయడం పుస్తకం చూసి కుర్రవాడైనా చేస్తాడు. చిక్కల్లా, దానితోపాటు రాకూడనివీ పెద్దవవుతాయి. పక్కనున్న మోటారు తీగల నుంచి సెకనుకు 50 సార్లు ఊగే రొద చొరబడుతుంది. మే నెల ఎండకు సున్నా తన చోట నిలవదు. పైకి జరిగితే వాయువు లేకుండానే గంట మోగుతుంది. నాలుగుసార్లు అలా మోగితే అయిదోసారి పరుగెత్తేదెవరు? కిందికి జరిగితే అసలు మోగవలసినప్పుడు మోగదు.

కాబట్టి కాగితం మీద లెక్క కట్టి, టంకం పెట్టి, వేడి పెట్టెలో ఉంచి రోజుల తరబడి ముల్లును చూస్తూ కూర్చోవాలి. రొద అణచబోతే జవాబు ఆలస్యమవుతుంది. ఎంత ఆలస్యం సహించవచ్చు? ఆ లోపల అక్కడి మనిషి ఎన్నిసార్లు ఊపిరి పీలుస్తాడో తలచుకుని తేల్చాలి.

ఈ విద్యలో మనవాళ్ళు వెనకబడలేదు. 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావుగారు, 1956లో ట్రాంబేలో పనిచేయడం మొదలుపెట్టిన అప్సర రియాక్టరు నియంత్రణ పరికరాల రూపకల్పనలో ముఖ్యులు. వాల్వుల కాలమది! 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ వెలసింది ఆయన చేతుల మీదుగానే.

ఫ్యాక్టరీలలో వాడుకలో ఉన్న ఒక ఉపాయం మాత్రం చెప్పక ఉండలేను. కొలత కరెంటును దూరానికి పంపేటప్పుడు సున్నాకు సున్నా పంపరు. 4 మిల్లీ ఆంపియర్లు పంపుతారు. నిండు కొలతకు 20. ఏ ఎలుకో రాత్రివేళ తీగ కొరికితే ముల్లు 4 కంటే కిందికి పడిపోతుంది. అది చూసినవాడు గాలి శుభ్రంగా ఉన్నదని కునుకు తీయడు. టార్చిలైటు పుచ్చుకుని తీగ వెంట బయలుదేరతాడు.