కొండలెక్కే సైకిలు

కొండ ఎక్కటం కష్టమా, దిగటం కష్టమా? ఎవరినడిగినా ఎక్కటమే కష్టమంటారు. కాలినడకన పోయేవాడికి ఆ మాట నిజమే. కాని సైకిలు మీద పోయేవాడికి ఎక్కటంలో చెమట పడితే పడుతుంది గాని ప్రమాదం లేదు. ప్రమాదమంతా దిగటంలోనే వున్నది. ఈ సంగతి మా మేనల్లుడికి విశాఖపట్నంలో పాండురంగాపురం డౌను మీద తెలిసివచ్చింది.

పిల్లలూ, విశాఖపట్నం చూసినవారికి ఆ వూరు ఎలాటిదో తెలుసు. ఒక పక్క సముద్రం, తక్కిన పక్కల కొండలు. చదునైన వీధే గదా అని బయలుదేరితే రెండు మలుపులు తిరిగేసరికి ఎత్తు ఎదురవుతుంది. అలాటి వూళ్ళో గేర్ల సైకిలు మీద పిల్లలకు మోజు వుండటంలో వింతేమున్నది? లావుపాటి టైర్లూ, ముందు వైపు స్ప్రింగుల మీద ఊగే ఫోర్కూ, ఇరవయ్యొక్క గేర్లూ గల సైకిలును మౌంటెన్ బైకు అంటారు. మా వాడికి వాళ్ళ నాన్న అలాటిది ఒకటి కొనిపెట్టాడు. ఆ రకంలో అది చవకది, పదివేల లోపే.

ఏడాదిపాటు వాడు దాన్ని బీచి రోడ్డు మీద హాయిగా తొక్కాడు. తుడవటం, నూనె వేయటం మటుకు ఎరగడు. ఒక వానాకాలం సాయంత్రం డౌను దిగుతూ బ్రేకు పట్టాడు. పిడి పూర్తిగా చేతిలోకి వచ్చింది గాని చక్రం ఆగలేదు. కింద బీచి రోడ్డు మీద బస్సులూ ఆటోలూ పోతున్నవి. వాడు రెండు కాళ్ళూ రోడ్డుకు ఆనించి ఈడ్చుకుంటూ, ఎవరో ఇల్లు కట్టుకునేందుకు పోయించుకున్న ఇసకగుట్టలోకి సైకిలును పోనిచ్చి పడ్డాడు. మోచేయి గీసుకుపోయింది. ఒక చెప్పు సగానికి అరిగింది. ఆ ఇసకగుట్ట అక్కడ లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె దడదడలాడుతుంది.

మర్నాడు వాడు నా దగ్గిరికి వచ్చి, "మావయ్యా, నేను దాచుకున్న డబ్బు మూడు వేలున్నది. సైకిలుకు మంచి ఫోర్కు వేయిద్దామా, డిస్కు బ్రేకులు వేయిద్దామా?" అని అడిగాడు.

"ముందు విప్పి చూద్దాం పదరా," అన్నాను.

చూస్తే, బ్రేకు రబ్బర్లు గాడి కనపడకుండా అరిగిపోయివున్నవి. గొట్టం లోపలి తీగె తుప్పుపట్టి కదలనంటున్నది. రిమ్ము మీద బురదా నూనే కలిసి పొరకట్టింది. బ్రేకు పనిచేసేది రాపిడి వల్లనే గదా! రబ్బరు గట్టిగా రిమ్మును పట్టుకోవాలి. మధ్యన నూనె వుంటే జారుతుంది, నీళ్ళున్నా జారుతుంది. అందుచేతనే వానలో సైకిలు ఆగటానికి ఎండలో కన్న ఎక్కువ దూరం కావాలి.

తమాషా ఏమంటే, ఈ జాతి సైకిలుకు బ్రేకుల గొడవ పుట్టుకతోనే వున్నది. 1970ల్లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, టామల్‌పాయిస్ అనే కొండ చుట్టుపక్కల కొందరు కుర్రాళ్ళు పాతకాలపు బరువు సైకిళ్ళను చవకగా కొని కొండదారుల్లో దిగేవారు. అక్కడ ఒక మట్టిదారి రెండు మైళ్ళ చిల్లరలో 1300 అడుగులు దిగుతుంది. ఆ సైకిళ్ళకు చేతిబ్రేకులు లేవు. పెడలు వెనక్కు తొక్కితే వెనక చక్రం ఇరుసులో వుండే బ్రేకు పట్టుకునేది. కిందికి చేరేసరికి ఆ ఇరుసు వేడెక్కి, లోపలి గ్రీజు పొగలుగక్కి మాడిపోయేది. ప్రతి దిగుడుకూ దాన్ని విప్పి మళ్ళీ గ్రీజు కూరాలి. అందుకనే ఆ దారికి "రీపాక్", అంటే మళ్ళీ కూరటం, అని పేరు వచ్చింది! 1976లో అక్కడ పందేలు మొదలయినవి. ఆ కుర్రాళ్ళే క్రమంగా మంచి చేతిబ్రేకులూ గేర్లూ అమర్చుకున్నారు. వారిలో జో బ్రీజ్ అనే ఆయన 1977లో, పాతవాటిని అతకటం కాకుండా, ఈ పనికోసమే కొత్త ఫ్రేము తయారుచేశాడు. 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో ఈ సైకిళ్ళ పందెం కూడా చేరింది.

ఇక గేర్ల సంగతి. మా వాడి సైకిలుకు ముందు మూడు పళ్ళచక్రాలు, వెనక ఏడు. మూడేళ్ళు ఇరవయ్యొకటి. ముందు చిన్న చక్రానికి 24 పళ్ళు, వెనక పెద్ద చక్రానికి 28. చైను ఈ రెంటి మీదా వుంటే, పెడలు ఒక చుట్టు తిరిగినప్పుడు వెనక చక్రం ఒక చుట్టు కూడా పూర్తిగా తిరగదు. సైకిలు సుమారు 178 సెంటీమీటర్లు పోతుంది. ముందు పెద్దదానికి 42 పళ్ళు, వెనక చిన్నదానికి 14. ఆ జోడు మీద పెడలు ఒక చుట్టుకు చక్రం మూడు చుట్లు తిరిగి, ఆరు మీటర్ల పైచిలుకు పోతుంది. మరి ఎప్పుడూ రెండోదే వాడరాదా? ఎత్తు మీద కాలు ఆడదు. బిందెడు నీళ్ళు ఒక్కసారి మోయలేనివాడు చెంబుతో పదిసార్లు మోస్తాడు. గేరు చేసేది అదే. కొండ ఎత్తు తగ్గదు, పని తగ్గదు. ఒక్కొక్క తొక్కుకు పడే బరువు తగ్గుతుంది, తొక్కులు పెరుగుతవి. ముందు పెద్దదీ వెనక పెద్దదీ కలిపి మటుకు వాడకూడదు. చైను వాలుగా పోయి త్వరగా అరుగుతుంది.

అరుగుదల కన్న పెద్ద శత్రువు ఆ వూళ్ళో తుప్పు. వూరికి నైరుతిన ఉక్కు కర్మాగారం వున్నది. 1971లో శంకుస్థాపన జరిగింది, 1992లో జాతికి అంకితమయింది. అక్కడి పెద్ద కొలుములకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. ఇనుప ఖనిజంలో ఇనుమూ ప్రాణవాయువూ జతకట్టి వుంటవి. కోకు బొగ్గుతో భగభగ కాల్చి, ఆ ప్రాణవాయువును విడదీస్తే ఇనుము వస్తుంది. అంత నిప్పుతో, అంతమంది శ్రమతో విడదీసినదాన్ని సముద్రపు గాలి చడీచప్పుడూ లేకుండా మళ్ళీ జతచేస్తుంది. అదే తుప్పు. తేమ వుంటే చాలు తుప్పు పడుతుంది. ఆ తేమలో ఉప్పు కలిస్తే మరీ తొందరగా పడుతుంది. అందుకని బీచి నించి రాగానే తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడవాలి. చైను కొక్క చుక్క చొప్పున పల్చని మిషను నూనె వేసి, పైన మిగిలింది తుడిచెయ్యాలి. మిగిలిస్తే ఇసక అంటుకుని ఆకురాయిలా అరగదీస్తుంది. కొబ్బరినూనె పనికిరాదు, చలికి గడ్డకడుతుంది.

చైను అరిగిందీ లేనిదీ మీరే కొలిచి చూడవచ్చు. ఒక మేకు నడుమ నించి దాని పక్క మేకు నడుమకు సరిగ్గా అర అంగుళం. ఇరవైనాలుగు ఖాళీలు కొలిస్తే పన్నెండంగుళాలు రావాలి. పదహారోవంతు అంగుళం ఎక్కువ వస్తే చైను మార్చాలి. ఎనిమిదోవంతు దాకా ఆగితే పళ్ళచక్రాలు కూడా పాడయ్యే వుంటవి.

మరి ఫోర్కు ఏమయింది? మీకు గోచీ సన్యాసి కథ తెలుసు గదా! గోచీని ఎలుకలు కొరుకుతున్నవని పిల్లి, పిల్లి పాలకోసం ఆవు, ఆవును కాయటానికి మనిషి. చవక సైకిలుకు మంచి ఫోర్కు వేయబోతే అదే జరుగుతుంది. దాని ధర సైకిలు ధరలో సగం దాటుతుంది. గొట్టం సరిపడకపోతే పైన హాండిలు పట్టే సరంజామా మార్చాలి. డిస్కు బ్రేకులు కావాలంటే వాటిని బిగించే చోటు ఫ్రేములోనూ ఇరుసులోనూ వుండాలి. మా వాడి సైకిలుకు లేదు.

మేము కొన్నవి ఇవి: బ్రేకు రబ్బర్లు రెండు జతలు, తీగెలు, కొత్త చైను ఒకటి, కాస్త సన్నపాటి నున్నటి టైర్లు రెండు. బొడిపెల టైర్లు మట్టిలో పట్టు ఇస్తవి గాని తారురోడ్డు మీద బుర్రుమని మోగుతూ బలమంతా తినేస్తవి. సీటు పైకి లేపాము. మడమ పెడలు మీద పెడితే, అది అట్టడుగున వున్నప్పుడు, కాలు నిటారుగా చాగాలి. దానికి కానీ ఖర్చు లేదు. అన్నీ కలిసి మూడు వేలలో మిగులే వచ్చింది. ఆ మిగులులో ముందు చెప్పులు కొనిపించాను.

తరవాత ఒక ఆదివారం తెల్లవారకముందే ఇద్దరమూ భీమిలి దారి పట్టాము. నాది అద్దె సైకిలు. ఋషికొండ దాటి, తొట్లకొండ దాటి, ఎర్రమట్టి దిబ్బల దగ్గిర ఆగాము. "మావయ్యా, నా సైకిలు దీనికోసమే పుట్టింది!" అని వాడు ఆ ఎర్రటి వాలు మీదికి తిప్పబోయాడు. నేను పోనివ్వలేదు. వేల సంవత్సరాలుగా ఇసక పేరుకుని, ఎర్రబారి ఏర్పడిన దిబ్బలవి. టైరు పడితే ఒరిసిపోతవి. భూగర్భశాస్త్రవేత్తలు కాపాడవలసినదని గుర్తించిన చోటు. సైకిళ్ళు రోడ్డు పక్కన తాళంవేసి నడిచి వెళ్ళాము. వాడు కొంతసేపు మూతి ముడుచుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఎదురుగాలి. ఇంటి దగ్గిర సైకిలు తుడిచి చైను కొలిచాము. పన్నెండంగుళాలే వున్నది.